అల్లుడు వేసిన ఫౌండేషన్

ఆదివారం పొద్దున శాంసన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారిని ఆటోలో చర్చికి పంపాలి. తాను ఫియట్ తీసుకుని క్యాంపస్‌కు జారుకోవాలి. యూనివర్సిటీ పూర్వ విద్యార్థులు పాత కార్లకు పెట్టిన పందెంలో, ఇంజినీరింగ్ కాలేజీ వెనక ఎత్తు మీదికి అందరికంటే ముందు ఎక్కాలి. అదే కాలేజీ వర్క్‌షాపులో జీవితమంతా పిల్లల చేత ఇనుము అరగదీయించిన మనిషికి, రిటైరయ్యేలోపు ఒక్కసారి ఆ పిల్లల ముందు గెలవాలని ఆశ. బైబిల్లో సంసోనుకు బలం జుట్టులో ఉండేది. మన తార్నాక శాంసన్‌కు జుట్టే లేదు గనుక బలమంతా జాకీలో పెట్టుకున్నాడు.

చిక్కల్లా కారుతోనే. అది మామగారు సామ్యేలుగారిది. ఆయన పోయాక అత్తగారు రత్నమ్మగారు అల్లుడికి కారు ఇచ్చారే కాని అధికారం ఇవ్వలేదు. "ఆయన ఎలా ఉంచారో అలాగే ఉండాలి అల్లుడుగారూ. ఒక్క బోల్టు మారినా బండి గుంటూరులో మా చిన్నల్లుడి గుమ్మంలో ఉంటుంది" అని ఆనాడే చెప్పేశారు.

మారింది ఒక్క బోల్టయితే బాగుండేది. శనివారం సీతాఫల్‌మండిలో రాంచందర్ షెడ్డులో కారు కడుపే మారిపోయింది. ఇంజినును మోసే ఇనుప చట్రం సబ్‌ఫ్రేము. ఇంజినుకూ దానికీ మధ్య రబ్బరు దిమ్మలుంటాయి. మెకానిక్కులు వాటిని ఫౌండేషన్ అంటారు. మలుపుల్లో ఇంజిను అటూ ఇటూ ఊగకూడదని శాంసన్ ఆ రబ్బర్లు పీకించి, లేత్ మిషను మీద తానే తీసిన ఇనుప దిమ్మలు పెట్టించాడు. చట్రానికి అడ్డపట్టీలు వెల్డింగ్ చేయించాడు.

"ఇంజిను ఇగ కదలదు సార్," అన్నాడు రాంచందర్ చేతులు తుడుచుకుంటూ. "గని దాని ఊపుడంత బాడీకొస్తది. ఉరికితే ఏం తెల్వది, నిలబెడితేనే ఒళ్ళంత జల్లుమంటది. రేసుకైతే మస్తుంటది. గీంట్ల ఇంకెవరన్న కూసుంటరా?"

"నేనొక్కణ్ణే."

"అయితే ఫికర్ లేదు. పాత రబ్బర్లు డిక్కీల ఏసిన."

తీరా ఆదివారం శాంసన్ బయటికొచ్చేసరికి వెనక సీట్లో రత్నమ్మగారు సిద్ధంగా ఉన్నారు. ఒళ్ళో బైబిలు, పక్కన చేతికర్ర. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కారెక్కాలంటే మనిషి సాయం కావాలి గనుక, కూతురు కృపారాణి తల్లిని ముందే ఎక్కించి, తాను ముందు సీట్లో కూర్చుంది. అల్లుడికి రేసు మీద మనసు, అత్తగారికి గ్రేసు మీద మనసు. మధ్యలో ఒకటే కారు.

"అత్తయ్యగారూ, మీకు ఆటో పిలుస్తానండీ."

"కారుండగా ఆటో దేనికి?"

అల్లుడన్నాక అల్లక తప్పదు. "బ్యాటరీ వీకండీ. ఇంజిను ఆగిందంటే మళ్ళీ స్టార్టవ్వదు."

"అయితే ఆపకండి," అన్నారు రత్నమ్మగారు.

తాళం తిప్పగానే ఫియట్ దగ్గింది, గర్జించింది, ఆ పైన చలిజ్వరం వచ్చినట్టు ఊగింది. అత్తగారి ఒళ్ళో బైబిలు దానంతటదే ఆదికాండం నుంచి కీర్తనలకు వచ్చేసింది.

"కృపా, నా చేతులు వణుకుతున్నాయే!"

కృపారాణి వెనక్కి తిరిగింది. తల్లి చేతులే కాదు, బుగ్గలూ, చెవికమ్మలూ కూడా వణుకుతున్నాయి. "అయ్యో అమ్మా! నిన్ను చూస్తుంటే భయంతో నాకూ వణుకొస్తోంది. ఏమండీ, మీకెలా ఉంది?"

"నా-నాకేం లే-లేదు."

"పాపం, అల్లుడుగారు కూడా హడలిపోయారు," అన్నారు రత్నమ్మగారు. "నేనంటే ఎంత ప్రేమో!"

శాంసన్ గుండెలో కూడా ఒక రబ్బరు తెగింది.

తార్నాక సిగ్నల్ దగ్గర ఆగితే వణుకు రెట్టింపయింది. పచ్చలైటు పడ్డాక వేగం పెంచితే తగ్గింది. "మెల్లగా పోనివ్వండి, అమ్మకు బాగాలేదు!" అని కృపారాణి అరిచింది. మెల్లగా పోనిస్తే మళ్ళీ వణుకు. "ఇదేం మాయరోగం, వచ్చిపోతోంది!" అంటూ కృపారాణి ఫోను తీసి స్త్రీల సమాజం గ్రూపులో ప్రార్థన కోరబోయింది. వేళ్ళు అక్షరాల మీద నిలవక వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ గొంతు విన్నవాళ్ళు వణుకు ఇంటిల్లిపాదికీ సోకిందనుకున్నారు.

దాంతో కారు వెళ్ళేసరికి చర్చి గేటు దగ్గర సమాజమంతా ఉంది. ముందు పాస్టర్ జాన్సన్‌గారు. శాంసన్ చెయ్యి తాళం మీదికి పోయింది.

"ఆపకండి!" అంది కృపారాణి. "బ్యాటరీ వీకన్నారుగా. మళ్ళీ స్టార్టవ్వకపోతే అమ్మను హాస్పిటల్‌కి ఎలా తీసుకెళ్తాం?"

అల్లుడు అల్లిన వలలో అల్లుడే పడ్డాడు.

పాస్టరుగారు వెనక సీట్లో కూర్చుని రత్నమ్మగారి తల మీద చెయ్యి పెట్టారు. "ప్ర-ప్ర-ప్రభువా..." అని ఆగి, తన చేతిని తానే చూసుకున్నారు. వారిది ఎంత నెమ్మదైన సంఘమంటే పాటల్లో చప్పట్లు కూడా పక్కవాడికి వినపడకుండా కొడతారు. "అమ్మా, మ-మన సంఘంలో ఇ-ఇలా ఎప్పుడూ లే-లేదు," అన్నారు, భయమూ భక్తీ సమపాళ్ళలో.

శాంసన్ ఇక తట్టుకోలేకపోయాడు. ఫియట్ గుంటూరు పోతే పోయింది, పెద్దావిడను ఇలా హడలగొట్టడం పాపమనిపించింది. "అత్తయ్యగారూ, ఇది మీ ఒంట్లోది కాదండీ. నిన్న నేను..."

"తలుపు తీయండి బాబూ," అన్నారావిడ.

దిగారు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, కర్ర సీట్లోనే మరిచిపోయి, టకటకా చర్చి మెట్లెక్కారు. అందరూ నోళ్ళు తెరిచారు. ఆ సందడిలో శాంసన్ ఇంజిను ఆపేశాడు.

ఆ రోజు సాక్ష్యం చెప్పడానికి మైకు ముందుకు మొట్టమొదట వెళ్ళింది రత్నమ్మగారే. "నా మోకాళ్ళు ఎంతకాలంగా పట్టేశాయో మీకందరికీ తెలుసు. ఈ పొద్దు ప్రభువు నన్ను పట్టుకుని కుదిపాడు!" చర్చి మొత్తం "ఆమేన్" అంది. శాంసన్ కూడా అన్నాడు, అందరికంటే చిన్నగా.

ఆరాధన ముగిసేసరికి మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మలంతా కారు ముందు వరుస కట్టారు. అంతసేపు ఆపి ఉంచిన ఇంజిను ఒక్క తిప్పుకే స్టార్టయింది. అదీ అద్భుతాల లెక్కలోనే పడింది.

ఫోను మోగింది. "సార్, ఏడున్నరు? గీడ మీ పేరు పిలుస్తున్నరు!" రాంచందర్.

"మోకాళ్ళ దగ్గరున్నాను."

"ఏంది?"

"పెద్దావిడలు దిగట్లేదు రాంచందర్."

కారు కొండెక్కలేదు కానీ, ఆశ కొండెక్కింది.

ఆఖరి అమ్మమ్మ దిగాక శాంసన్ అత్తగారి పక్కన కూర్చుని అంతా చెప్పేశాడు. రబ్బర్లు, ఇనుప దిమ్మలు, వెల్డింగు, నిలబెడితేనే వణకడం, పందెం, చివరికి బ్యాటరీ సంగతి కూడా. రత్నమ్మగారు చీర మీదుగా మోకాలు ఒకసారి తడిమి చూసుకున్నారు.

"కుదిపింది దేవుడే," అన్నారు చివరికి. "మీ చేత స్పానరు పట్టించాడంతే. ఆ రబ్బర్లేవీ?"

"డిక్కీలో ఉన్నాయండీ. రేపే బిగించేస్తాను."

"ఇటివ్వండి." వాటిని చేతిసంచిలో బైబిలు కింద పెట్టి సంచి మూతి ముడేశారు. "ఇవి మళ్ళీ బిగించారంటే బండి గుంటూరు పోతుంది."

శాంసన్ ప్రాణం లేచొచ్చింది. "అయితే వచ్చే ఏడు పందేనికి..."

"పరిగెడితే వణకదన్నారుగా?"

"వణకదండీ."

"మరి పరిగెత్తడం దేనికి?"

అంతలో స్కూటరు మీద రాంచందర్ వచ్చి దిగాడు. జరిగిందంతా విన్నాడు. నవ్వలేదు. శాంసన్‌ను పక్కకు పిలిచి, "సార్, గా ఊపుడు మా అవ్వ మోకాళ్ళకు గూడ పన్జేస్తదా? వచ్చే ఐతారం తోల్కొస్త," అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఫియట్ చర్చి ఆవరణలో అమ్మమ్మల్ని ఎక్కించుకుని ఊగుతూ ఉంటుంది, శాంసన్ స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ ఉంటాడు. అంగుళం కదలకుండా పేరు తెచ్చుకున్న రేసుకారు హైదరాబాదులో ప్రస్తుతానికి అదొక్కటే.