మా అన్న నమ్మదగినవాడని ధ్రువీకరించడమైనది

మా అన్న జెలాలెమ్ నమ్మదగినవాడా కాదా అన్నది తేల్చడానికి అమెరికా ప్రభుత్వం పద్నాలుగు నెలలు తీసుకుంది. తొందరపడలేదని మేమంతా మెచ్చుకున్నాం. వర్జీనియాలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్లకు కాపలా కాసే ఉద్యోగం అది. సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తే ఖాయం. రాకపోతే ఎప్పట్లాగే విమానాశ్రయం ముందు టాక్సీ.

నూట ముప్పై పేజీల దరఖాస్తులో రెండు ప్రశ్నలు మాత్రం మా ఇథియోపియా వాళ్లను తలుచుకునే రాసినట్టున్నారు. విదేశాల్లో చుట్టాలెవరు? అప్పులెన్ని?

అన్న అడిస్ అబాబాలో ఉన్న ఇరవై ఆరుగురిని రాసి, చెయ్యి నొప్పెట్టి ఆపాడు. వారం తిరక్కుండా ములునెష్ పిన్ని ఫోన్ చేసింది. ఆవిడ అక్కడి పెద్ద బజార్లో ఉల్లిపాయలు అమ్ముతుంది.

"నా పేరు లేదటగా! నీ చీమిడి తుడిచిందెవర్రా, అమెరికా ప్రెసిడెంటా?"

"అది శుభలేఖ కాదు పిన్నీ. పేర్లు పెరిగేకొద్దీ నామీద అనుమానం పెరుగుతుంది."

"పెరగనీ! మీ యెషీ అత్త పేరుండి నాది లేకపోతే రేపు బజార్లో తలెత్తుకోగలనా?"

ఇరవై ఏడో పేరు చేరింది.

విచారణకు ప్రభుత్వం తరఫున కోల్బీ గారనే అధికారి మా ఇంటికే వచ్చారు. మూడు విడతల కాఫీ పూర్తికాకుండా లేచిపోవడం మాలో మర్యాద కాదు కాబట్టి, విచారణ క్షుణ్ణంగా జరిగింది.

"ఈ ములునెష్ గారు మీమీద ఒత్తిడి తెచ్చే అవకాశముందా?"

"ప్రతి ఆదివారం తెస్తుంది సార్. పెళ్లి చేసుకోమని."

ఆయన రాసుకున్నారు.

రెండో కప్పు దగ్గర అప్పులొచ్చాయి. మేం ఇకుబ్ అంటాం గానీ మీకు తెలిసిన చీటీయే. అన్న మూడో నెలే ఎత్తుకుని టాక్సీ కొన్నాడు. ఇంకా పదకొండు నెలలు కట్టాలి.

"పత్రం ఉందా?"

"లేదు సార్."

"మరి ఎగ్గొడితే?"

పక్కన పేలాలు వడ్డిస్తున్న చీటీ పెద్ద దెస్తా అత్త అందుకుంది. "ఎలా ఎగ్గొడతాడు నాయనా? ఇరవై ఏడుగురు చుట్టాలుంటే!"

"వాళ్లు విదేశంలో ఉన్నారు కదమ్మా?"

"మరదే. అక్కడికి పారిపోయినా దొరుకుతాడు."

మూడో కప్పుకు కోల్బీ గారు తన క్రెడిట్ కార్డుల గోడు వెళ్లబోసుకుని, చీటీలో తనకు చోటుందా అని అడిగారు. చుట్టాలెందరని అత్త అడిగింది. ఒక్క తమ్ముడు, ఆరేళ్లుగా మాటల్లేవు. అత్త జాలిపడి ఇంకో కప్పు పోసింది గానీ, చోటు మాత్రం ఇవ్వలేదు.

పద్నాలుగో నెలలో క్లియరెన్స్ వచ్చింది. అన్న టాక్సీ అమ్మేసి, కొత్త చీటీలో దర్జాగా ప్రభుత్వోద్యోగి అని పేరిచ్చాడు. అత్త నియమాల ప్రకారం విచారణ మొదలుపెట్టింది.

"మీ యజమానికి అప్పులున్నాయా?"

"ఉన్నాయత్తా." అన్న కాగితం మీద సున్నాలు వేసుకుంటూ పోయాడు.

"ఎవరికి?"

"కొంత విదేశాలకే."

"జీతాలెప్పుడైనా ఆపారా?"

"అప్పుడప్పుడూ... బడ్జెట్ కుదరక ఆఫీసులు మూసేసినప్పుడు."

"ఓరి నాయనో! టాక్సీ నడిపినప్పుడే నయం కదరా. గట్టి పూచీ లేకుండా కుదరదు."

ఈ విచారణ ఇరవై నిమిషాల్లో ముగిసింది. అమెరికా ప్రభుత్వం నమ్మదగినదేనని ములునెష్ పిన్ని ఉల్లిపాయల కొట్లోంచి ఫోన్లో పూచీ పడింది.

ఈసారి పూచీదార్ల జాబితాలో తన పేరు మొదట రాయాలన్నది ఒక్కటే ఆవిడ షరతు.