డ్రమ్ములో పడవ మోటారు

ఎనభై మూడు మార్చి నెలలో ఒక శనివారం పొద్దున మారెప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. పడవ మోటారులో పంపు నీళ్లెందుకు లాగడం లేదో చూడాలి, బాగుచెయ్యాలి, మధ్యాహ్నానికల్లా డ్యాము ఓవర్సీరు రామకృష్ణయ్యకు అప్పజెప్పాలి. అనంతపురంలో గుత్తి రోడ్డు పక్కన ఇరవై ఏళ్లుగా బావుల మీది ఆయిలింజన్లు బాగుచేస్తున్న మనిషికి అదేం లెక్క? కాకపోతే పడవ మోటారును చూడడం అతనికి అదే మొదలు. ఆ మాటకొస్తే పడవను కూడా చూడలేదు.

ఏ దొరల కాలంలోనో చేసిన మోటారది. పది నిమిషాలు నడిస్తే కాగిపోయి ఆగిపోతోంది. విప్పి చూసి మారెప్ప అలాగే కూర్చుండిపోయాడు. పొడుగాటి కాలు, కాలి చివర ఫ్యాను రెక్కలు, వాటి పైన గుప్పెడంత పంపు. అది కింది నీళ్లను పైకి లాగి, ఇంజను చుట్టూ తిప్పి, మెడ దగ్గరి చిన్న రంధ్రంలోంచి బయటికి చిమ్మాలి. ఏ నీళ్లలో మునుగుతుందో ఆ నీళ్లతోనే ఒళ్లు చల్లార్చుకునే యంత్రం! దానికి నిజంగానే దండం పెట్టి, పంపులో పొడిపొడి అయిపోయిన రబ్బరు చక్రాన్ని తీసేశాడు. లారీ మడ్‌గార్డు రబ్బరుతో అచ్చం అలాంటిదే కోసి బిగించాడు.

ఇక పరీక్ష చెయ్యాలంటే ఆ కాలు నీళ్లలో మునగాలి. ఇంట్లో ఉన్నది ఒకే డ్రమ్ము, అందులో సగం నీళ్లు. ట్యాంకరు మళ్లీ వచ్చేది సోమవారం.

"తాగే నీళ్లల్లో ఇనుము ముంచుతావా?" అంటూ భార్య తిప్పమ్మ డ్రమ్ముకు అడ్డంగా నిలబడింది.

"చుక్క యాడికీ పోదు మే. కింద లాగుతాది, పైన పోస్తాది, మళ్లీ డ్రమ్ములోకే పడతాది."

"పోతే?"

"పోతే నన్నడుగు."

"నిన్నడిగితే నీళ్లొస్తాయా?" అంటూనే పక్కకు తప్పుకుంది.

వాకిట్లో రెండు గుంజల మీద వేసిన దూలానికి మోటారు బిగించి, కాలు డ్రమ్ములోకి దించి చూస్తే నీళ్లు పంపుకు జానెడు కిందే ఆగిపోయాయి. ఇంకో పది బిందెలు కావాలి. ఆ వీధిలో నీళ్లు బదులివ్వడానికి ఒక పద్ధతుంది. ఏ బిందెతో ఇస్తే ఆ బిందెతోనే, ఏ గీత దాకా ఇస్తే ఆ గీత దాకా, అంతే తేటగా తిరిగి రావాలి. మారెప్ప ఇంటింటికీ వెళ్లి, గంటలో తెచ్చిస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. పది ఇళ్ల వాళ్లు పది బిందెలిచ్చారు. ఇచ్చినవాళ్లు ఊరుకోలేక నీళ్ల వెంటే వచ్చి డ్రమ్ము చుట్టూ కాపలా నిలబడ్డారు.

తాడు లాగగా లాగగా మోటారు స్టార్టయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత మెడ దగ్గరి రంధ్రంలోంచి వేలెడు లావు ధార ఎండలో మెరుస్తూ బయటికొచ్చి, వంగి, డ్రమ్ములో పడింది. వీధి మొత్తం ముందుకు వంగింది.

ముసలి ఆంజినమ్మ ధార కింద వేలు పెట్టి, "వేన్నీళ్లురా నాయనా! కట్టె లేదు, పొయ్యి లేదు!" అంది.

"పొగ కూడా లేదు కదప్పా!" అన్నాడు ఎదురింటి గంగప్ప.

"దొరల పని అన్నా. పొగే పుట్టదు," అన్నాడు మారెప్ప గర్వంగా. తన చేత్తో కోసిన రబ్బరు ముక్క అన్ని నీళ్లను ఆడిస్తుంటే అతనికి ఒళ్లు పులకరించింది. ఆపబోతే జనం ఒప్పుకోలేదు. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అంటూ అరగంట నడిపించారు. డ్రమ్ములో నీళ్లు కుతకుతమంటున్నా ఎవరూ కిందికి చూడలేదు.

మోటారు ఆగాక చూశారు. నీళ్లు చింతపండు పులుసులా ఉన్నాయి. పైన రంగురంగుల నూనె తెట్టు, ముక్కు పగిలే పెట్రోలు వాసన. మారెప్ప ఎరిగిన ప్రతి ఇంజనూ పొగను ఆకాశానికే వదిలేది. ఇది మాత్రం అరగంట పొగనూ కాలి గుండా నీళ్లలోకే వదిలింది.

తిప్పమ్మ గంగప్ప బిందెను తెచ్చి అతని ముందు పెట్టింది. "ముంచుకో అన్నా. గీత దాకా."

గంగప్ప వంగి వాసన చూశాడు. "దీపం పెట్టుకోవచ్చు గానీ తాగలేమమ్మా."

పది ఇళ్ల వాళ్లూ మారెప్ప వైపు చూశారు. సోమవారం దాకా పది ఇళ్ల గొంతులు తడపాల్సిన నీళ్లు. అతను వంగి నూనె తెట్టును అరచేత్తో పక్కకు తోశాడు. సరిగ్గా అప్పుడే రామకృష్ణయ్య ట్రాక్టరుతో వచ్చి, సంగతి విని, విరగబడి నవ్వాడు.

"పొగ నీళ్లల్లోకే పోతాదని నాకు తెలుసు కదప్పా. నువ్వు అడగలేదే!"

"చెప్పలేదే సార్!"

"సరే, అందరూ బిందెలెత్తుకోని ట్రాలీ ఎక్కండి. డ్యాములో ఎన్ని కావాలంటే అన్ని ముంచుకోండి."

రెండు గంటల తర్వాత ట్రాక్టరు గట్టు మీద ఆగింది. తుంగభద్ర కాలువ తెచ్చి పోసిన నీళ్లు కంటికి ఆనినంత దూరం ఉన్నాయి. అందరూ ట్రాలీ దిగి గట్టు అంచుకు పోయారు.

ముందుగా ఆంజినమ్మే అడిగింది. "ఇన్ని నీళ్లకు మూత లేదా?"

మోటారు పడవకెక్కింది. పడవ నీళ్లను చీల్చుకుంటూ పోయింది. మోటారు మెడలోంచి ఆ సన్నటి ధార అంత నీటిలోకే పడుతూ ఉంది. తిప్పమ్మ ఒడ్డున మారెప్ప పక్కనే కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టుకుంది. మొగుడి వైపు తిరగకుండానే, "చుక్క పోదంటివి. నిజమే," అంది. మారెప్పకు కళ్లు చెమర్చాయి. పొద్దు వాలేదాకా ఒక్కరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

తిరుగుదారంతా అదే ముచ్చట. వీధిలో దిగుతుంటే బిందెలు ఒకదానికొకటి తగిలి మరీ తేలిగ్గా మోగాయి. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నింపుకునేది మరిచిపోయినామే!" అంది తిప్పమ్మ.

ఈసారి తప్పు వీధి మొత్తానిది కాబట్టి మారెప్ప ఆ పూట హాయిగా నిద్రపోయాడు.