ఆరు మెదళ్ళు, ఒక శాలువా

విడవలూరుకు దగ్గరలోని మా ఊరు శాస్త్రవిజ్ఞానాన్ని ఎంతగా గౌరవిస్తుందో లోకానికి తెలియజేయడం సన్మాన సంఘం కార్యదర్శిగా నా విధి. గత నెల నాలుగో ఆదివారం మేము జరిపిన సభ దిగ్విజయమైంది. పరిశోధన ఒక్కటి తప్ప అందులో ఏదీ చెడిపోలేదు.

సన్మానగ్రహీత డాక్టర్ కెజియా గారు మా ఊరి ఆడబిడ్డ. నెల్లూరులో జీవరసాయన శాస్త్రవేత్త. మన ఒంట్లోని ప్రతి కణానికీ లోపల ఒక అస్థిపంజరం ఉంటుందట. దాన్ని కట్టే ప్రొటీన్ల మీద ఆవిడ ఆరేళ్ళుగా పనిచేస్తున్నారు. ఒకరోజు నాకు ఓపికగా వివరించారు.

"పందిరికి గుంజలుంటాయి గదన్నా, అట్టాంటివే. కణం ఒక గుంజ పీకతా, ఇంకోటి నాటతా ఉంటుంది. ముసలోళ్ళకు మతిమరుపు జబ్బొస్తే మెదడులో ఈ గుంజలే కూలిపోతాయి. ఎందుకు కూలతాయో చూస్తుండా."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాబట్టి అది చాలా గొప్ప విషయమని అక్కడికక్కడే గ్రహించాను.

ఆ గుంజల ప్రొటీను మేక మెదడులో దండిగా ఉంటుంది. కానీ మేకను కోసిన గంటలోపు మెదడు ఐసులో ప్రయోగశాలకు చేరాలి. ఆలస్యమైతే ప్రొటీను పాడైపోతుంది. నెల్లూరు కొట్లలో ఎప్పుడు కోశారో నిజం చెప్పేవాళ్ళు దొరక్క, ఆవిడ మా ఊరి మటన్ కొట్టు మస్తానమ్మ దగ్గరికి వచ్చారు. హైదరాబాదులో ఒక పెద్ద సూక్ష్మదర్శిని కోసం ఎనిమిది నెలలు వరసలో ఉంటే, సోమవారం ఒక్కరోజు ఇచ్చారట. ముందురోజే నెల్లూరులో ప్రొటీను తీసి సిద్ధం చేసుకోవాలి. అందుకని ఆ ఆదివారం చర్చి ఆరాధన కూడా మానుకుని, ఆరు మెదళ్ళు కావాలని అడిగారు.

ఇక్కడ మా ఊరి రాజ్యాంగం కొంత చెప్పాలి. ప్రతి ఆదివారం మస్తానమ్మ ఆరు మేకలు కోస్తుంది. ఆరు మెదళ్ళు ఆరుగురు పెద్దల ఇళ్ళకు వెళతాయి. మొదటిది మాజీ సర్పంచి చెంచురామయ్య గారికి. మిగతావి ఎవరికి, ఏ వరసలో అన్నదాన్ని బట్టి ఎవరి పలుకుబడి ఎంతో ఊరికి తెలుస్తుంది. ఒకసారి నాలుగోది పొరపాటున ఆరో ఇంటికి వెళ్ళింది. రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవు. మెదడు రాని ఇంటికి సంబంధం చూడడానికి కూడా జనం వెనకాడతారు.

అలాంటి ఊళ్ళో మస్తానమ్మ ఆరూ తీసుకుపొమ్మంది.

"తీసకపో బిడ్డా. పెద్దోళ్ళు ఒక్క వారం తినకపోతే ఏం చచ్చిపోరులే."

ఈ మాట అరగంటలో ఊరంతా పాకింది. చెంచురామయ్య గారి వసారాలో అత్యవసర సమావేశం జరిగింది. కొట్టు మూయించాలని కొందరు, ప్రయోగశాలే మూయించాలని కొందరు ఆవేశపడ్డారు. చెంచురామయ్య గారు మాత్రం చెయ్యెత్తి శాంతపరిచారు.

"చదువుకు అడ్డం పడినారన్న చెడ్డపేరు మనకెందుకయ్యా? ఆ బిడ్డకు సన్మానం చేస్తే పోలా!"

ఆదివారం పొద్దున ఆరుంబావుకు మటన్ కొట్టు ముందు, రోడ్డుకు అడ్డంగా పందిరి లేచింది. ఆరున్నరకు కెజియా గారు ఐసు పెట్టె గుండెకు హత్తుకుని కారు వైపు పరుగెత్తుతుండగా మేళం మోగింది, మెడలో దండ పడింది.

"అన్నా, మీకు దండం పెడతా. గంటే టైముంది, దారికే ముప్పావుగంట. సాయంత్రం పెట్టుకోండన్నా, ఎంతసేపైనా కూర్చుంటా!"

ఆవిడ నిరాడంబరతకు సభ చప్పట్లు కొట్టింది. నేను పెట్టెను అందుకుని పూలకుండీ పక్కన పెట్టాను. లోపల ఏముందో ఫోటోలో కనబడాలని పెద్దలన్నారు గనుక మూత తెరిచాము. పెద్దలకిచ్చే నన్నారి సోడాలోకి ఐసు చాలకపోతే, దగ్గర్లోనే ఉంది గదా అని పెట్టెలోది వాడుకున్నాము.

ఆరుగురూ మాట్లాడారు. చెంచురామయ్య గారు శాస్త్రవేత్తలకు ప్రతి నిమిషమూ ఎంత విలువైనదో యాభై నిమిషాలు వివరించారు. "మన కెజియమ్మ ఎముకల డాక్టరుగా ఇంకా పైకి రావాలి!" అని ఆశీర్వదించి శాలువా కప్పారు. ఎముకలు కావని ఆవిడ చెప్పబోతే, ముందు జ్ఞాపిక అందుకోమన్నాము.

సభ ముగిసేసరికి తొమ్మిదిన్నర. కెజియా గారు పెట్టెలో చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉన్నాయని చెప్పి, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చారు. ఆనందబాష్పాలని నివేదికలో రాశాను. "ఆనందమేందయ్యా! ఎనిమిది నెలలు కాచుకున్న పని, నిలువునా నాశనం చేసినారు గదా, మనుషులేనా మీరు?" అని మస్తానమ్మ కేకలేసింది. వక్తల జాబితాలో ఆమె పేరు లేనందున ఆ మాటలు నమోదు చేయలేదు.

శాస్త్రానికి పనికిరానివి బాణలికి పనికొస్తాయని చెంచురామయ్య గారు గుర్తుచేశారు. మిరియాలు దట్టించిన వేపుడు, యథాప్రకారం వరస తప్పకుండా, ఆరుగురికీ అందింది. కార్యదర్శి హోదాలో నాకూ ఒక చెంచా దక్కింది.

సూక్ష్మదర్శిని సోమవారం వేరెవరికో వెళ్ళిపోయింది. మళ్ళీ వరస రావడానికి ఏడాది పడుతుందట. కెజియా గారు మా ఊరికి రావడం మానేశారు. ఈసారి ఏ ఊళ్ళో అడుగుతారో కన్నతల్లికి కూడా చెప్పడం లేదు. ఆవిడ కుర్చీ మీదే వదిలి వెళ్ళిన శాలువా మా దగ్గర భద్రంగా ఉంది.

కనుక పాఠకులకు మనవి. మీ ఊళ్ళో ఆదివారం పొద్దున్నే ఐసు పెట్టెతో ఎవరైనా హడావుడిగా కనబడితే వెంటనే ఆపి, మాకు కబురు చేయండి. శాలువాతో వచ్చేస్తాము. మీరు సభకు తప్పక వస్తారన్న నమ్మకం మాకుంది. మొన్నటి సభలోనూ, ఆ మనిషి చేసే పనేమిటని ఒక్కరూ అడగకుండా, చివరిదాకా చప్పట్లు కొట్టింది మీలాంటి వాళ్ళే గదా.