మెజ్జోజోర్నోకి

ఇటలీలోని మాంతోవాలో ఆ శనివారం పొద్దున పది గంటలకు ఓర్నెల్లా పెళ్లి. వంటింట్లో ఇరీదే పిన్ని గుమ్మడికాయ పూర్ణం పెట్టిన తోర్తెల్లి పాస్తా ఉడికిస్తుండగా పెళ్లికొడుకు సవేరియో ఫోన్ చేశాడు. లైను గరగరలాడింది.

"పిన్నీ... ఇప్పుడు కుదరదు... మెజ్జోజోర్నోకి... ఓర్నెల్లాకి చెప్పండి..."

అంతే, ఫోన్ ఆగిపోయింది.

మెజ్జోజోర్నో అంటే మిట్టమధ్యాహ్నం. ఆ వేళ సూర్యుడు నిలిచే దిక్కు గనుక దక్షిణమూ అదే. కలాబ్రియాతో సహా దక్షిణాది మొత్తానికీ అదే పేరు. సవేరియోది కలాబ్రియా. పిన్నికి మధ్యాహ్నం తట్టనేలేదు. గరిటె నీళ్లలోకి జారిపోయింది.

"పారిపోయాడే తల్లీ, వాళ్లమ్మ దగ్గరికి."

ఓర్నెల్లా ఒక చెవికి లోలాకుతో అలాగే కూలబడింది. వెళ్లొస్తానని చెప్పి జెనోవా రేవుకు వెళ్లిన నాన్న రాలేదు. అలాగే వెళ్లిన మొదటి పెళ్లికొడుకూ రాలేదు. సవేరియోకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా మోగలేదు.

తమ్ముడు బ్రునెత్తో చర్చికి పరుగెత్తి, పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు.

"చర్చి నిండా పువ్వులే అక్కా. మనవి కావు. శవపేటిక చుట్టూ పెట్టారు."

"ఎవరిదిరా?"

"అడగలేదు. చూడగానే ఇటు పరుగెత్తాను."

"సవేరియోది అయితే కనీసం మర్యాదగా ఉండేది," అంది పిన్ని, శిలువ గుర్తు వేసుకుంటూ.

శవపేటిక అన్న మాట గోడ దాటింది. పక్కింటి తోస్కా నల్ల శాలువా కప్పుకుని వచ్చి పిన్నిని కౌగలించుకుంది. "ఎప్పుడు పోయింది పాపం, పెళ్లికూతురు?"

"ఇంకా ఎక్కడికీ పోలేదమ్మా, లోపలే ఉంది," అని పిన్ని గది తలుపు తీసింది. గది ఖాళీగా ఉంది.

పన్నెండు దాటాక కొత్త సూటులో, చెమటలు కక్కుతూ సవేరియో వచ్చాడు. అతన్ని చూసి పిన్ని గోడ పట్టుకుంది.

"నువ్వు కలాబ్రియాలో లేవూ?"

"అక్కడెందుకుంటాను పిన్నీ? పదింటికి చర్చిలో ఎవరివో అంత్యక్రియలట. పెళ్లి మెజ్జోజోర్నోకి మారిందని చెప్పాను కదా. చెబుతుండగానే ఛార్జింగ్ పోయింది. చర్చిలో ఫాదర్ గారు తప్ప ఒక్కరూ లేరేం?"

పిన్ని నోరు తెరిచేలోగా ఆమె ఫోన్ మోగింది. ఓర్నెల్లా.

"పిన్నీ, రైలు మోదెనా దాటింది. కలాబ్రియా దాకా వెళ్లి వాడి కాలరు పట్టుకు లాక్కొస్తా. ఈసారి ఊరికే కూర్చోను."

సవేరియో ఫోన్ లాక్కున్నాడు. "ఓర్నెల్లా, నేను మీ వంటింట్లో ఉన్నాను."

రైలు చప్పుడు మధ్య ఓర్నెల్లా గొంతు పెంచింది.

"అక్కడే ఉండు, నేనే వస్తా," అంది. వెంటనే, "వద్దు. నువ్వు అక్కడే ఉంటావని నమ్మి రావడం నావల్ల కాదు. నువ్వే రా. బొలోన్యాలో దిగుతాను," అంది.

అతను పరుగెత్తాడు. వెనకాలే పూలగుత్తి పట్టుకుని బ్రునెత్తో, చేసేది లేక చర్చి నుంచి వచ్చిన ఫాదర్ గారూ స్టేషన్ దారి పట్టారు.

అంత్యక్రియలు చూసి ఇంటికే చేరిన అతిథులు మాత్రం ఎవరికోసమూ ఆగకుండా, సరైన వేళకే తోర్తెల్లికి కూర్చున్నారు.