పక్క గది టోను

ఆ ఆదివారం పొద్దున వాల్డిర్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం సంతా తెరెజా వీధి కచేరీలోపు గిటార్ టోను సరిచేసుకోవాలి. భార్య జురేమా అక్కను చూసొస్తానని ముందే వెళ్ళిపోయింది. అతని మెటల్ బ్యాండ్‌లో బాస్ గిటార్ ఆమెదే. ప్రతి ప్రాక్టీసులోనూ "నీ సౌండు తగ్గించు, నా గిటార్ వినబడట్లేదు" అని అతనిచేత అనిపించుకోవడం కూడా ఆమె వంతే.

ప్రాక్టీసు గదిలో గిటార్ మోత పెంచే ఆంప్ వేయగానే పక్క గదిలో అడెమార్ బ్యాండ్ మోగింది. నెల రోజులుగా ఇదే వరస. ఒక్కో దెబ్బ తలుపు మూసినట్టు పడి టక్కున ఆగుతుంది. వాల్డిర్ గిటారేమో ఉడికిన చిక్కుడు గింజల్లా ముద్దగా వస్తుంది. సాయంత్రం అడెమార్ తర్వాత వాయించాల్సింది తనే, వీధి మొత్తం పోల్చి చూస్తుంది. ఆ కిటుకంతా అడెమార్ ఆంప్‌లోనే ఉందనుకున్నాడు.

వాళ్ళు కాఫీకి బయల్దేరితే, తను కనబడకుండా బాత్రూంలో దాక్కున్నాడు. అడుగుల చప్పుడు మెట్లు దిగాక పక్క గదిలో దూరి, అడెమార్ ఆంప్ నాబ్‌లు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. గదిలో ఇంకేమున్నాయో కన్నెత్తి చూడలేదు.

ఫొటోలో రొద పెంచే గెయిన్ సగమే ఉంది, కింది స్వరాల బరువు పెంచే మంద్రం దాదాపు సున్నా. అలాగే పెడితే తన గిటార్ దోమలా పాడింది. ఎవరో చూస్తారని తెలిసి అడెమార్ దొంగ నాబ్‌లు పెట్టి వెళ్ళాడని తేల్చేశాడు. ఆ పని తను రెండుసార్లు చేసి ఉన్నాడు కనుక అనుమానం రాలేదు.

అన్నీ తలకిందులుగా తిప్పాడు. గెయిన్ చివరికంటా, మంద్రం చివరికంటా. కిటికీ అద్దాలు గజగజలాడాయి. రొద నొక్కే పెడల్ బిగిస్తే గిటారే నోరు మూసుకుంది. ఒక ఆంప్ చాలదని మూలనున్న మరో రెండింటిని అదే ప్లగ్గుకు తగిలించి, ఒక్క దెబ్బ వేశాడు. మేడంతా కరెంటు పోయింది.

అందరూ వరండాలోకి వచ్చారు. కాఫీ తాగి అప్పుడే తిరిగొచ్చిన అడెమార్ వెనకాల, భుజాన బాస్ గిటార్‌తో జురేమా.

"మీ అక్క ఇక్కడికి ఇల్లు మారిందా?" అన్నాడు వాల్డిర్.

"వీళ్ళ బాస్ వాయించేవాడికి వేలు విరిగింది. నెల్రోజులుగా నేనే వాయిస్తున్నా. ఇక్కడ నన్నెవరూ తగ్గించమనరు."

అడెమార్ ఇబ్బందిగా నవ్వాడు. "నా గిటార్‌లో ఏముందన్నా, పైపైన కోస్తుందంతే. కింద బరువంతా వదిన బాస్‌దే."

నెల రోజులు గోడకు చెవి పెట్టి తను కుళ్ళుకున్నది సొంత పెళ్ళాం మీద అని వాల్డిర్‌కి అప్పుడు తెలిసింది. అడెమార్ మీద ఏడవడమే నయమనిపించింది.

"సాయంత్రం నీతోనూ వాయిస్తా," అంది జురేమా. "గెయిన్ సగానికి దించు. నా సౌండు జోలికి రాకు."

అతను దించాడు. ఆ రాత్రి మొదటి దెబ్బకే ముందు వరసలు ఊగిపోయాయి. దిగి వస్తుంటే, అడెమార్ టోను భలే కాపీ కొట్టావని అందరూ వీపు తట్టారు. వాల్డిర్ కాదనలేదు. కాదనాలంటే భార్య పేరు చెప్పాలి.