వీధిలో రెండో ర్యాంకు

రెండు వేల తొమ్మిది థాంక్స్‌గివింగ్ పండగ నాడు, అమెరికాలోని క్యారీలో కాపురముంటున్న రాజారావు పొద్దున్నే ఒక శపథం చేశాడు. కరెంటు కంపెనీ నెలనెలా పంపే ఉత్తరంలో, పొదుపులో వీధి మొత్తానికి అతనిది రెండో ర్యాంకు. బడిలో చేరిన నాటి నుంచీ ఫస్టు తప్ప ఎరగని మనిషి! పైగా ఆ మొదటివాడి పేరు రాయరు. అదొక కడుపుమంట. ఈ నెల వాణ్ణి దించి తీరాలి.

"పన్నెండింటికి ఎనిమిదిమంది లంచ్‌కి వస్తున్నారండీ. ఈ ఒక్కరోజూ నన్ను వదిలెయ్యండి" అని బతిమాలింది భార్య ఛాయాదేవి.

"వంట నువ్వే చెయ్యి. స్విచ్‌లు మాత్రం నేను చూస్తా."

కుక్కర్ తొలి విజిల్ వెయ్యగానే స్టవ్ ఆపేసి, దాన్ని బొంతలాంటి కంఫర్టర్‌లో చుట్టి సోఫాలో పడుకోబెట్టాడు. మిగతాది ఆ వేడికే ఉడుకుతుందట! ఆమె వంకాయలకు పోపు పెడుతుంటే పొయ్యి మీది ఫ్యాన్ కూడా ఆపేశాడు. ఎండుమిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్మేసి, స్మోక్ అలారం లబోదిబోమంది. దాని నోరు మూయించడానికి కిటికీలన్నీ బార్లా తెరిచాడు. చలి లోపలికి రాగానే హీటర్ దానంతటదే మొదలైంది. పరుగెత్తుకెళ్లి దాన్నీ ఆపేశాడు.

వచ్చినవాళ్లెవరూ కోట్లు విప్పలేదు. తుమ్ముల మధ్యే పలకరింపులయ్యాయి. ఛాయాదేవి కంఫర్టర్ తీసి కుక్కర్ మూత తెరిస్తే, పప్పు పలుకులు పలుకులుగానే ఉంది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"మీ పొదుపు పంతంతో నలుగురిలో నా పరువు తీశారు కదండీ!"

"ఎవరి మీదండీ ఈ పంతం?" అన్నాడు అతిథుల్లో ఉన్న ఈశ్వరయ్య. ఆ చుట్టుపక్కల ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు అతను.

రాజారావు ఉత్తరం చూపించాడు. "ఈ ఫస్టువాడెవడో తెలిస్తే కాళ్లకి దండం పెడతాను. ఏం తింటున్నాడో, ఎలా బతుకుతున్నాడో!"

ఈశ్వరయ్య పగలబడి నవ్వాడు. "వీధి మూలనున్న ఇల్లండీ! దానికొచ్చే ఉత్తరాలు నేనే తీస్తున్నా. నెలనెలా 'మీరే ఫస్ట్' అని కరెంటు కంపెనీవాళ్లు కంగ్రాట్స్ చెప్తున్నారు. అప్పు కట్టలేదని బ్యాంకువాళ్లు తీసేసుకున్నాక, ఎనిమిది నెలలుగా అందులో మనిషన్నవాడు లేడు!"

ఛాయాదేవి మొగుడి మొహంలోకి చూస్తూనే నాలుగు పొయ్యిలూ వెలిగించింది. ఫ్యాన్ వేసింది. హీటర్ పెంచింది. అతిథులు కోట్లు విప్పారు.

రాజారావు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఫస్టు ర్యాంకు ఇల్లు ఎంతకొస్తుందని ఈశ్వరయ్యను అడిగాడు.