రద్దీ లేని వేళ

విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏటా జరిగే విమానాల పండుగకు రద్దీ లేని వేళను మా బెల్‌గ్రోవ్ విమాన యజమానుల సంఘం ఈ ఏడాది కూడా కనిపెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. సంఘానికి సభ్యులు ముగ్గురు, ఎర్రచారల తెల్ల విమానం ఒకటి. అధ్యక్షుడు డెల్బర్ట్ హ్రుష్కా, రిటైరైన ఇన్సూరెన్సు ఏజెంటు. కార్యదర్శిని నేను. మిగిలిన వెర్లిన్ ఆకెస్ మొక్కజొన్న రైతు. నడపడం ముగ్గురికీ వచ్చినా, ఆయనకి ఏ పదవీ లేదు కాబట్టి విమానం నడిపే పని ఆయనది.

ఆ పండుగకు దేశంలో ఉన్న చిన్న విమానాలన్నీ ఒకే మైదానంలో వచ్చి వాలతాయి. అందుకని అక్కడ ఒక పద్ధతి ఉంది. రైలు పట్టాలు చూసుకుంటూ, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో, ఒకరి వెనక ఒకరు రావాలి. పైలట్ నోరు విప్పకూడదు. దారిలో ఒక దిబ్బ మీద కంట్రోలర్లు దుర్భిణులు పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళకి మన పేరూ ఊరూ అక్కర్లేదు. రంగు చూసి పిలుస్తారు, రెక్కలు ఊపమంటారు. ఊపితే శభాష్ అని, రన్‌వే మీద వేసిన రంగు చుక్కల్లో ఏ చుక్క మీద దిగాలో చెబుతారు. అంతే. ఆ మాత్రం దానికోసం మా వైపు మనుషులు కూతురి పెళ్ళి ముహూర్తాన్నయినా వెనక్కి జరుపుతారు.

వెర్లిన్‌కి ఆ పిలుపు ఒక్కసారి వినాలని కోరిక. ఇన్నేళ్ళుగా వినలేదు. కారణం, మా సంఘానికి ఉన్న ముందుచూపు. ఒక ఏడు శనివారం తెల్లారగట్ల ఎవరూ ఉండరని వెళ్ళాం. ఆ సంగతి తెలిసినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఇంకో ఏడు మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్ళాం. మబ్బుల్లో ఎవరూ రారని నమ్మినవాళ్ళు మబ్బుల కన్నా ఎక్కువమంది వచ్చారు. రెండుసార్లూ మా వంతు రాలేదు. నిరుడు పండుగ అయిపోయిన మర్నాడు వెళ్ళాం. రద్దీ అసలు లేదు. పండుగా లేదు. వార్షిక నివేదికలో దాన్ని సంపూర్ణ విజయంగా రాసుకున్నాం.

ఈ ఏడాది చిన్న చిక్కొచ్చింది. వెర్లిన్ కళ్ళు చూసిన డాక్టరు, విమానం నడపడానికి కావలసిన వైద్య పత్రం ఇక ఇవ్వనన్నాడు. పాతది నెలాఖరుదాకా చెల్లుతుంది. నెలాఖరు పండుగ వారంలో మంగళవారం. బుధవారం నుంచి ఆయన పైలట్ కాదు, పక్క సీట్లో సామాను.

"ఒరేయ్ డెల్బర్టూ, ఈసారి ఏ వేళైనా సరే, నన్ను ఆ పట్టాల మీదుగా పోనియ్యిరా. నా విమానం రంగు చెప్పి పిలుస్తుంటే వినాలని ఉంది" అన్నాడు వెర్లిన్.

డెల్బర్ట్ కుర్చీలోంచి లేచాడు. లేచాడంటే ఉపన్యాసమే.

"మిత్రులారా! పండుగ సోమవారం మొదలైతే, మూర్ఖుడు ఆదివారం మధ్యాహ్నం వస్తాడు. ఆ వేళ కాలు పెట్టకూడదని పసిపిల్లలక్కూడా తెలుసు. తెలివైనవాడు శనివారం వస్తాడు. తెలివైనవాళ్ళంతా శనివారమే వస్తారని గ్రహించినవాడు ఆదివారం పొద్దున వస్తాడు, సరిగ్గా చర్చి వేళకి! ఆ వేళ మన దిక్కున దేవుడి ముందు తప్ప ఇంకెక్కడా రద్దీ ఉండదు!"

చప్పట్లు కొట్టాం. ఆదివారం పొద్దున ముగ్గురం బయల్దేరాం.

పట్టాలు మొదలయ్యే ఊరు చేరేసరికి ఆకాశంలో సందు లేదు. మా ముందున్న నీలం విమానం మా ఊరి పాస్టరుగారిది. ప్రార్థన నడిపే బాధ్యత చర్చి పెద్దకి అప్పగించి వచ్చారట. ఆ చర్చి పెద్ద మా వెనక పసుపు విమానంలో ఉన్నాడు. "ఇంతమంది ఎందుకు ఎగబడతారయ్యా, బుద్ధి లేకపోతే సరి!" అని విసుక్కున్నాడు డెల్బర్ట్. మా ముందూ వెనకా ఉన్న విమానాలన్నిట్లోనూ సరిగ్గా అదే మాట అనుకుంటూ ఉంటారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

కంట్రోలర్లు మమ్మల్ని దారిలో ఉన్న సరస్సు చుట్టూ తిరుగుతూ ఉండమన్నారు. కాసేపటికి ఒక్కొక్కరే రండి అన్నారు. అసలు కష్టం అక్కడ మొదలైంది. మా వైపు దొంగతనం చేసినవాణ్ణయినా క్షమిస్తారు గానీ, ఒకర్ని దాటి ముందుకెళ్ళినవాణ్ణి క్షమించరు. నాలుగు రోడ్ల కూడలికి నాలుగు కార్లు ఒకేసారి వస్తే, మీరు ముందంటే మీరు ముందని చేతులూపుకుంటూ అన్నం చల్లారిపోయేదాకా అక్కడే ఉంటాం.

మాట్లాడకూడదన్న రేడియోని డెల్బర్ట్ అందుకున్నాడు. "నీలం విమానం గారూ, మీరు ముందు వెళ్ళండి."

"అయ్యో, ఎంతమాట! మీ వెనకాల పసుపు ఆయన మనకన్నా ముందు నుంచీ తిరుగుతున్నాడు పాపం" అన్నారు పాస్టరుగారు.

"నాకేం తొందరండీ! వెర్లిన్ గారూ, మీ ఆవిడ మార్లిస్ గారు కులాసానా?" అన్నాడు పసుపు ఆయన.

"ఎవరో ఒకరు రండి మహాప్రభో! నోళ్ళు మూసుకుని రండి!" అని దిబ్బ మీంచి ఒక గొంతు మొత్తుకుంది.

"నేను పోతానురా" అన్నాడు వెర్లిన్.

డెల్బర్ట్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పాస్టరుగారిని దాటిపోతావా? ఊళ్ళో మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

మేం మర్యాదలు పూర్తి చేసేలోపు ఇలాంటి పట్టింపులు లేని న్యూజెర్సీ వాళ్ళు వచ్చి చక్కగా దిగిపోయారు. మాకు పెట్రోలు తగ్గింది. పాస్టరుగారితో, పసుపు ఆయనతో, ఇంకా పేరు తెలియని మర్యాదస్తులెందరితోనో కలిసి దగ్గర్లో ఉన్న ఇంకో చిన్న మైదానంలో దిగాం.

అక్కడ ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు సాసేజీలు కాలుస్తున్నారు, జున్ను ముక్కలు వేయిస్తున్నారు. రెక్క నీడన సంఘం అత్యవసర సమావేశం జరిగింది. ఆదివారం మధ్యాహ్నం ఎలాగూ చావు, సోమవారం ఆలస్యమైనవాళ్ళు వస్తారు, మంగళవారం సోమవారానికి భయపడ్డవాళ్ళు వస్తారు, కాబట్టి బుధవారం అని అధ్యక్షుడు తేల్చాడు.

"బుధవారానికి నేను పైలట్‌ని కాదురా!"

"పక్క సీట్లోంచి ఇంకా బాగా కనబడుతుంది వెర్లిన్. పిలుపు ఎవరికైతేనేం, చెవులు నీవే కదా."

తీర్మానం ఆమోదం పొందింది. ఒక ఓటు వ్యతిరేకంగా పడింది. సభామర్యాద దృష్ట్యా దాన్ని దగ్గుగా నమోదు చేశాను.

అంతలో వెర్లిన్ భార్య మార్లిస్ ఫోన్ చేసింది. ఆమె ఏటా కారులో ముందే పండుగకి చేరి, కంచె పక్కన మడతకుర్చీ వేసుకుని మా కోసం ఎదురుచూస్తుంది.

"ఏవండీ సెక్రటరీ గారూ, మా ఆయన్ని ఎప్పుడు దింపుతున్నారు?"

"బుధవారం అమ్మా."

"బుధవారమా? ఆయన కాగితం మంగళవారంతో సరి! మీ ప్లాను మండిపోను, పండుగ ఆయనకా, మీ ప్లానుకా? ఫోన్ ఆయనకివ్వండి."

ఇచ్చాను. వెర్లిన్ విన్నాడు, "ఊఁ" అన్నాడు, ఫోన్ తిరిగిచ్చాడు.

మేం సాసేజీల వరసలో నిలబడి, ముందువాళ్ళూ వెనకవాళ్ళూ ఒకరికొకరు దారిస్తూ ఉండగా ఇంజను చప్పుడైంది. చూస్తే మా విమానం, మేం లేకుండానే గాల్లోకి లేస్తోంది. ఆదివారం మధ్యాహ్నం! డెల్బర్ట్ చేతిలోని కాగితపు పళ్ళెం కింద పడింది. "చస్తాడ్రా! ఈ వేళకి ఎవడైనా వెళ్తాడా!"

అందరం అగ్నిమాపకదళం వాళ్ళ బల్ల మీదున్న రేడియో చుట్టూ మూగాం. పాస్టరుగారు టోపీ తీశారు. చాలాసేపు ఏమీ వినబడలేదు. నాకు భయమేసింది, అబద్ధమెందుకు.

"పట్టాల మీద ఎర్రచారల తెల్ల విమానం, రెక్కలు ఊపండి."

అది దిబ్బ మీది గొంతే. పసుపు ఆయన రేడియో శబ్దం పెంచాడు.

"బాగా ఊపారు! మీరొక్కరేనా? మీ వెనకాల ఎవరూ లేరేంటి? పొద్దుట్నుంచి చచ్చాం, ఇప్పుడేమో ఈగ లేదు. ఏ చుక్క కావాలి మీకు? అయ్యో, మీరు మాట్లాడకూడదు కదూ. పచ్చ చుక్క మీద దిగండి. చాలు సార్, ఇంక ఊపక్కర్లేదు, చూశాం. సరే... మీ ఇష్టం, ఊపుకోండి."

పాస్టరుగారు పొగ వల్ల కళ్ళు తుడుచుకున్నారు. పొగ ఆయనకి అవతలివైపు పోతోంది.

"అయితే అక్కడ ఖాళీగా ఉందన్నమాట! పదండి" అని పసుపు ఆయన లేచాడు.

"ఆగండి!" అన్నాడు డెల్బర్ట్. "ఈ మాట మనతో పాటు దేశమంతా వింది. ఇప్పుడు అందరూ బయల్దేరతారు!"

నిజమే కదా అని అందరం మళ్ళీ కూర్చున్నాం. సాయంత్రందాకా ఆకాశంలో ఒక్క విమానం లేదు. మేం విమానం లేని విమాన యజమానులం కాబట్టి పండుగకి మనుషుల్ని చేరవేస్తున్న స్కూలు బస్సులో వెళ్ళాం.

వెర్లిన్ రెక్క కింద గడ్డిలో కూర్చుని ఉన్నాడు. మార్లిస్ పక్కనే కూర్చుని ఆయన బూట్ల లేసులు విప్పుతోంది. విచారణ అక్కడే జరిపాం. అభియోగాలు: తీర్మాన ధిక్కారం, పాస్టరుగారిని దాటిపోవడం, ప్లాను లేకుండా సుఖంగా దిగడం.

"నువ్వు చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?" అనడిగాడు డెల్బర్ట్.

"నా రంగు చెప్పి పిలిచార్రా" అన్నాడు వెర్లిన్.

అది అడిగినదానికి జవాబు కాదు గనక నమోదు చేయలేదు. ముద్దాయి ఏడాదిపాటు విమానం నడపరాదని, ఇది బుధవారం నుంచి అమల్లోకి వస్తుందని తీర్పు చెప్పాం. ఏకగ్రీవం. వెర్లిన్ కూడా నవ్వుతూ చెయ్యెత్తాడు. శిక్ష పడ్డవాడు ఎందుకు నవ్వాడన్నది సంఘం పరిశీలనలో ఉంది.

ఆదివారం మధ్యాహ్నమే ఖాళీ అని రుజువైంది. అయితే అది అందరికీ తెలిసిపోయింది కనక, వచ్చే ఏడాది ఎప్పుడు వెళ్ళాలో ఇంకా చర్చిస్తున్నాం. డెల్బర్ట్‌కి వచ్చే చలికాలంతో డెబ్భై నిండుతాయి. నా కళ్ళూ ఈమధ్య కొంచెం మసకేస్తున్నాయి. అయినా మంచి వేళంటూ దొరక్కపోదు.

మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి. కానీ ఇదంతా కూర్చుని చివరిదాకా చదివే తీరిక దొరికిందంటే, మీరూ దేనికో రద్దీ తగ్గాలని ఆగినవాళ్ళే అయ్యుంటారు. వెర్లిన్‌కి ఇక ఆగే పని లేదు కనక మా సంఘంలో ఒక సభ్యత్వం ఖాళీగా ఉంది. తొందరేం లేదు, వీలు చూసుకునే రండి.